నడుము నొప్పి, డిస్కు శస్త్రచికిత్స: జన్యుపరీక్ష ఎవరికి, ఎప్పుడు?

చందుర్తి (రాజన్న సిరిసిల్ల జిల్లా): ఒడిలో చాట పెట్టుకొని పొద్దంతా వంగి బీడీలు చుట్టే మహిళలు, సాంచాల మధ్య గంటల తరబడి నిలబడి పనిచేసే మరమగ్గాల కార్మికులు, నాట్లకు వంగే కూలీలు, గల్ఫ్ దేశాలలో బరువులు మోసి సెలవుపై ఇల్లు చేరిన యువకులు అధికంగా గల ప్రాంతమిది. చందుర్తి మండలంలోను, దానికి ఇరుగుపొరుగైన వేములవాడ, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలలోను నడుము నొప్పి ఎరుగని ఇల్లు అరుదు. ఒకప్పుడు “నరం పట్టింది” అని కాపడం పెట్టుకొని ఊరుకునేవారు. ఇప్పుడు ఎం.ఆర్.ఐ. చిత్రం తీయించి “డిస్కు జారింది” అన్న మాటతో ఇంటికి తిరిగి వస్తున్నారు. ఆ మాట వెంటనే ఆపరేషన్ ప్రస్తావన, దాని వెంటనే అప్పు ప్రస్తావన వస్తున్నాయి.

ఇటీవలి సంవత్సరాలలో ఈ వరుసలో మరో మాట చేరింది. డిస్కు వ్యాధిని జన్యుపరీక్ష ద్వారా ముందే కనిపెట్టవచ్చునని, ఆపరేషన్ ఎవరికి ఫలిస్తుందో కూడా జన్యువులే చెప్పగలవని పరిశోధనా వార్తలు వెలువడుతున్నాయి. ఇవి పూర్తిగా అసత్యాలు కావు, అట్లని రోగికి ఈనాడు అక్కరకు వచ్చే సత్యాలూ కావు. ఇదే సమయంలో, జన్యు విధానంపైనే ఆధారపడిన మరొక పరీక్ష ప్రభుత్వ వైద్య వ్యవస్థలో ఉచితంగా లభిస్తూ, నడుము నొప్పితో వచ్చిన కొందరిని శాశ్వత పక్షవాతం నుండి కాపాడుతున్నది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్ల పాఠకులలో గందరగోళం ఏర్పడుతున్నది. మొదటిది రోగి జన్యువులను చదివే పరీక్ష. రెండవది రోగి శరీరంలో చేరిన క్రిమి జన్యువులను పట్టుకొనే పరీక్ష. వార్త రాసే విలేకరి, అర్జీ పరిశీలించే అధికారి తొలుత గ్రహించవలసినది ఈ భేదమే.

వెన్నెముకలో పూసకు పూసకు మధ్య మెత్తగా ఉండే బిళ్లను డిస్కు అంటారు. దాని వెలుపల గట్టి నారల వలయం, లోపల నీరు అధికంగా గల జిగురు పదార్థం ఉంటాయి. వయసుతోపాటు లోపలి నీరు తగ్గి, వలయం పగుళ్లు బారి, లోపలి పదార్థం బయటకు ఉబికి వస్తుంది. ఆ ఉబుకు కాలికి వెళ్లే నరాన్ని ఒత్తినపుడు పిరుదు నుండి మోకాలి దిగువ వరకు నొప్పి, తిమ్మిరి పాకుతాయి. దీనినే సయాటికా అని వ్యవహరిస్తారు. నడుములో అత్యధికంగా దెబ్బతినేవి చివరి రెండు డిస్కులు. డిస్కు ఉబుకుకు, కాలి నొప్పికి గల సంబంధాన్ని 1934లో అమెరికాకు చెందిన వైద్యులు మిక్స్‌టర్, బార్ స్పష్టంగా నిరూపించారు. డిస్కు ముక్కను తొలగించే శస్త్రచికిత్స అప్పటి నుండే ప్రపంచమంతటా వ్యాపించింది. హైదరాబాదులోని నిమ్స్ సంస్థ కూడా తొలుత 1964లో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా, అనగా ఎముకల ఆసుపత్రిగానే ప్రారంభం కావడం ఇక్కడ గుర్తు చేసుకోదగినది.

చిత్రంలో కనిపించే ప్రతి ఉబుకూ వ్యాధి కాదు. 1994లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురితమైన అధ్యయనంలో నడుము నొప్పి ఏ మాత్రం లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీయగా 52 శాతం మందిలో కనీసం ఒక డిస్కు ఉబికి కనిపించింది. 27 శాతం మందిలో అంతకన్నా స్ఫుటంగా పొడుచుకు వచ్చింది. వీరెవరికీ బాధ లేదు. కాబట్టి నివేదికలోని “డిస్కు బల్జ్” అన్న రెండు పదాలు ఆపరేషన్‌కు ఆదేశాలు కావు. కాలి నొప్పి ఏ నరం దారిన పాకుతున్నదో, చిత్రంలో ఒత్తిడి ఆ నరం మీదనే ఉన్నదో లేదో వైద్యుడు సరిచూసినపుడే ఆ చిత్రానికి విలువ.

ఆపరేషన్ ఫలితాల విషయంలో వైద్యశాస్త్రం వద్ద మంచి ఆధారాలే ఉన్నాయి. నార్వేలో డాక్టర్ వెబర్ 126 మంది రోగులను చీటీల పద్ధతిన రెండు వర్గాలుగా విభజించి పదేళ్లపాటు పరిశీలించి 1983లో ఫలితాలు ప్రకటించారు. ఏడాది గడిచేసరికి ఆపరేషన్ చేయించుకున్నవారు మెరుగుగా ఉన్నారు. నాలుగేళ్లకు ఆ తేడా చెప్పుకోదగినంతగా మిగలలేదు, పదేళ్లకు అసలే లేదు. 2007లో నెదర్లాండ్స్ పరిశోధకులు తీవ్రమైన సయాటికాతో 6 నుండి 12 వారాలుగా బాధపడుతున్న 283 మందిపై జరిపిన అధ్యయనం మరింత వివరంగా ఉన్నది. వెంటనే శస్త్రచికిత్స పొందినవారు సగటున 4 వారాలలో, మందులు, వ్యాయామంతో వేచి చూసినవారు సుమారు 12 వారాలలో కోలుకున్నారు. వేచి చూసిన వర్గంలో 39 శాతం మంది చివరకు ఆపరేషన్ చేయించుకున్నారు. ఏడాది నాటికి మాత్రం ఉభయ వర్గాలలోను 95 శాతం మంది కోలుకున్నట్లు తేలింది.

ఈ అంకెల అర్థం సామాన్యమైనది. డిస్కు ఆపరేషన్ నొప్పిని త్వరగా తగ్గిస్తుంది, అయితే వేచి చూసినవారు నష్టపోరు. రోజు కూలి మీద బ్రతికే కుటుంబానికి ఎనిమిది వారాల తేడా చిన్నది కాదు. అందుచేత త్వరగా కోలుకోవడం కోసం ఆపరేషన్ కోరుకోవడం అవివేకమూ కాదు. అది తెలిసి తీసుకున్న నిర్ణయమై ఉండాలి, భయపడి తీసుకున్నదై ఉండరాదు. వేచి చూడటానికి వీలులేని సందర్భాలు వేరే ఉన్నాయి. మూత్రం బిగబట్టడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోవడం, పాదం వేలాడిపోవడం, కాళ్ల బలం రోజురోజుకు తగ్గిపోవడం కనిపిస్తే అత్యవసరంగా పెద్దాసుపత్రికి తరలించవలసి ఉంటుంది. ఇక్కడ గంటలు కూడా విలువైనవే. ఆపరేషన్ తరువాత సుమారు 5 నుండి 15 శాతం మందిలో డిస్కు పదార్థం మళ్లీ ఉబికి వచ్చే అవకాశం కలదన్న విషయాన్ని కూడా ముందుగానే రోగికి తెలియజేయవలసి ఉన్నది.

ఇక రోగి జన్యువుల విషయం. డిస్కు అరుగుదలకు బరువులు ఎత్తడమే కారణమని చాలాకాలం భావించారు. ఫిన్లాండ్‌లో 115 జతల సమరూప కవల సోదరులను పరిశీలించి 1995లో ప్రకటించిన అధ్యయనం ఆ భావనను తలకిందులు చేసింది. నడుము పైభాగపు డిస్కులలో కనిపించిన తేడాలలో శారీరక శ్రమ వివరించగలిగినది 7 శాతం మాత్రమే. వయసును కూడా కలిపితే 16 శాతానికి, కుటుంబ సామ్యాన్ని కలిపితే 77 శాతానికి చేరింది. దిగువ భాగంలో ఈ అంకెలు వరుసగా 2, 9, 43 శాతం. అంటే, చేసే పనికన్నా పుట్టిన కుటుంబం డిస్కుల స్థితిని అధికంగా నిర్ణయిస్తున్నది.

ఈ అంకెలను కార్మికులకు వ్యతిరేకంగా వాడే ప్రమాదం లేకపోలేదు. అధ్యయనం కొలిచినది డిస్కు అరుగుదలను, కార్మికుని నొప్పిని కాదు. అరిగిన డిస్కు గల వ్యక్తికి బరువు పని నొప్పిని రేపుతుంది, పనికి పోనివ్వదు. కార్మిక శాఖ ముందుకు వచ్చే అర్జీలలో “ఇది వంశపారంపర్యం, పనితో సంబంధం లేదు” అని ఎవరైనా ఈ పరిశోధనను ఉటంకిస్తే అది శాస్త్రాన్ని వక్రీకరించడమే అవుతుంది.

కవలల అధ్యయనం తరువాత నిర్దిష్ట జన్యువుల అన్వేషణ మొదలైంది. 1999లో ఫిన్లాండ్ శాస్త్రజ్ఞులు తొమ్మిదవ రకపు కొల్లాజెన్ ప్రోటీన్‌కు చెందిన ఒక జన్యువులో మార్పును గుర్తించారు. డిస్కు వ్యాధిగ్రస్తులు 157 మందిలో ఆరుగురికి ఆ మార్పు ఉండగా, వ్యాధి లేని 174 మందిలో ఒక్కరికీ లేదు. పరీక్ష చేతికి వచ్చినట్లే అనిపించిన సమయమది. కాని 2005లో దక్షిణ చైనా ప్రజలపై జరిగిన అధ్యయనంలో అదే మార్పు ప్రతి ఐదుగురిలో ఒకరికి కనిపించింది. ఫిన్లాండ్‌లో అరుదైన గుర్తు చైనాలో సర్వసాధారణమైంది. ఒక జాతి ప్రజలలో తేలిన ఫలితాన్ని మరొక జాతికి యథాతథంగా అన్వయించరాదని దీనివల్ల తెలిసింది. మన దేశంలో కోయంబత్తూరు గంగా ఆసుపత్రికి చెందిన డాక్టర్ ఎస్. రాజశేఖరన్ బృందం ఈ రంగంలో విస్తృతంగా కృషి చేసింది. 809 మందిని పరిశీలించి 2016లో ప్రకటించిన అధ్యయనంలో మరింత ఇబ్బందికరమైన విషయం బయటపడింది. “డిస్కు అరుగుదల” అన్న మాటకు ఇచ్చే నిర్వచనం మారినా, రోగుల వయసు మారినా, సంఖ్య మారినా, జన్యు సంబంధాలూ మారిపోతున్నాయి. సంచి మార్చినపుడల్లా ధాన్యం తూకం మారితే, తప్పు ధాన్యానిది కాదు, తూచే పద్ధతిది.

ఆపరేషన్ ఫలితాన్ని జన్యువుల ద్వారా ముందే ఊహించే ప్రయత్నాలలో 2006 నాటిది ప్రసిద్ధమైనది. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ శాస్త్రజ్ఞులు పాల్గొన్న ఆ పరిశోధనలో డిస్కు శస్త్రచికిత్స పొందిన 168 మంది నమూనాలను పరిశీలించారు. జీసీహెచ్1 అనే జన్యువులో ఒక ప్రత్యేక రూపం గలవారికి ఆపరేషన్ అనంతరం మిగిలిపోయే కాలి నొప్పి తక్కువగా ఉన్నట్లు గుర్తించారు. జన్యువు డిస్కును మార్చలేదు, నొప్పిని అనుభవించే తీరును మార్చింది. నొప్పికి సంబంధించిన మరొక జన్యువైన కాంట్‌పై 2010లో అమెరికాలోను, 2012లో నార్వేలోను వెలువడిన అధ్యయనాలు మాత్రం ఒకే దిశను సూచించలేదు. ఈ కృషి నొప్పి మందుల తయారీకి ఉపకరించవచ్చును. అయితే చందుర్తి నుండి వచ్చిన ఒక రోగికి ఆపరేషన్ చేయాలా వద్దా అన్న ప్రశ్నకు సమాధానమిచ్చే జన్యుపరీక్ష ఈనాటికి వైద్య ఆచరణలో లేదు. అట్లాంటి పరీక్ష పేరిట ఎవరైనా రుసుము వసూలు చేస్తే, ఏ ప్రామాణిక మార్గదర్శకం దానిని సిఫారసు చేసిందో అడిగే హక్కు రోగికి కలదు. నొప్పి ఎంతకాలంగా ఉన్నది, పొగ తాగే అలవాటు ఉన్నదా, మానసిక కుంగుబాటు ఉన్నదా అన్న సాధారణ ప్రశ్నలే ఇప్పటికీ ఆపరేషన్ ఫలితం గురించి వైద్యునికి ఎక్కువ చెప్పగలుగుతున్నాయి.

క్రిమి జన్యువుల పరీక్షకు వస్తే, అందులోనూ ఒక తొందరపాటు అధ్యాయం ఉన్నది. 2001లో బ్రిటన్ వైద్యులు సయాటికా ఆపరేషన్‌లో తొలగించిన డిస్కు ముక్కలను ప్రయోగశాలలో పెంచి చూడగా 36 మందిలో 19 మంది నమూనాలలో సూక్ష్మక్రిములు బయటపడ్డాయి. వాటిలో అత్యధికం చర్మంపై సహజంగా ఉండే రకమే. నడుము నొప్పికి మూలం క్రిమియే కావచ్చునన్న ఆశ కలిగింది. 2013లో డెన్మార్క్‌లో 162 మందిపై జరిపిన పరీక్షలో వంద రోజుల యాంటీబయాటిక్ చికిత్స బాగా పనిచేసినట్లు ప్రకటించారు కూడా. అయితే 2019లో నార్వేలో 180 మందిపై మరింత జాగ్రత్తగా జరిపిన పరీక్షలో చెప్పుకోదగిన ప్రయోజనం కనిపించలేదు. జన్యు విధానం ఎంత సూక్ష్మమైనదంటే, చర్మం నుండి కత్తికి అంటుకున్న ఒకటి రెండు క్రిములను కూడా పట్టిస్తుంది. క్రిమి దొరకడం వేరు, క్రిమి వ్యాధిని కలిగించడం వేరు.

వెన్నెముక క్షయ

వెన్నెముక క్షయలో మాత్రం పరిస్థితి పూర్తిగా భిన్నం. ఇక్కడ క్రిమి ఉండకూడని చోట ఉన్నది, వ్యాధి కూడా దానివల్లనే. 1779లో ఆంగ్ల వైద్యుడు పెర్సివల్ పాట్ వర్ణించిన ఈ వ్యాధి నేటికీ మన దేశంలో అరుదు కాదు. ఊపిరితిత్తుల నుండి రక్తం ద్వారా వెన్నుపూసలకు చేరిన క్షయ క్రిమి పక్కపక్కన గల రెండు పూసలను, మధ్యనున్న డిస్కును తొలిచివేస్తుంది. చీము చేరి వెన్నుపాము నొక్కుకుపోతే రెండు కాళ్లు చచ్చుబడతాయి. మొదట్లో రోగి చెప్పే మాట ఒక్కటే: నడుము నొప్పి, లేదా వీపు నొప్పి. డిస్కు రోగి చెప్పేదీ అదే.

తేడా వివరంగా అడిగితే తెలుస్తుంది. డిస్కు నొప్పి పడుకుంటే తగ్గుతుంది. క్షయ నొప్పి రాత్రి పడుకున్నా వదలదు. సాయంత్రం పూట జ్వరం, ఆకలి మందగించడం, బరువు తగ్గడం, ఇంట్లో మరొకరికి క్షయ ఉండటం, పిల్లల వీపుపై చిన్న గూని లేవడం వంటివి సూచనలు. దగ్గు లేదు కదా అని క్షయను తోసిపుచ్చరాదు. వెన్నెముక క్షయ రోగులలో చాలామందికి దగ్గు ఉండదు. గ్రామాలలో నడుము నొప్పికి స్టెరాయిడ్ ఇంజక్షన్లు ఇప్పించుకొనే అలవాటు ఇక్కడ ప్రాణాంతకం కాగలదు. నొప్పి కొన్నాళ్లు అణగి, లోపల క్రిమి విజృంభిస్తుంది.

గతంలో నిర్ధారణ కష్టసాధ్యంగా ఉండేది. సూక్ష్మదర్శినిలో క్రిమి కనబడాలంటే ఒక మిల్లీలీటరు నమూనాలో సుమారు 10 వేల క్రిములు ఉండాలి. వెన్నెముక చీములో అన్ని దొరకవు. ప్రయోగశాలలో క్రిమిని పెంచి చూడటానికి ఆరు వారాల వరకు పడుతుంది. ఆలోగా పూసలు కుంగిపోయేవి. 1983లో కారీ మల్లిస్ రూపొందించిన పీసీఆర్ విధానం ఈ పరిస్థితిని మార్చింది. క్రిమి జన్యు పదార్థంలోని ఒక చిన్న తునకను లక్షల ప్రతులుగా పెంచి గుర్తించడమే ఈ విధానంలోని కీలకం. ఇందుకు మల్లిస్‌కు 1993లో నోబెల్ బహుమతి లభించింది. ఇదే సూత్రంపై పనిచేసే జీన్ ఎక్స్‌పర్ట్ పరికరాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 డిసెంబరులో ఆమోదించింది. మన క్షయ కార్యక్రమంలో దీనిని సీబీనాట్ అని పిలుస్తారు. మిల్లీలీటరులో 130 క్రిములు ఉన్నా ఇది గుర్తిస్తుంది, తరువాత వచ్చిన అల్ట్రా రకానికి సుమారు 16 చాలు. ఫలితం రెండు గంటలలోపు వస్తుంది. క్రిమి ఆర్‌పీఓబీ జన్యువులోని మార్పులను బట్టి రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందో లేదో కూడా అదే పరీక్షలో తెలుస్తుంది. గోవాలో రూపొందిన ట్రూనాట్ అనే దేశీయ పరికరానికి 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం లభించింది.

ఈ పరీక్షకు పరిమితులు లేకపోలేదు. వెన్నెముక నుండి సరైన చోట సూదితో తీసిన చీము లేదా కణజాలం కావాలి. రక్తంతో ఈ పరీక్ష జరగదు. రక్తపు నమూనాతో క్షయను నిర్ధారిస్తామనే యాంటీబాడీ పరీక్షలను కేంద్ర ప్రభుత్వం 2012లోనే నిషేధించింది. సీబీనాట్‌లో క్రిమి లేదని వచ్చినంత మాత్రాన క్షయ లేదని తీర్మానించరాదు. చనిపోయిన క్రిమి జన్యు పదార్థాన్ని కూడా ఇది పట్టుకొనును గనుక, చికిత్స మధ్యలో నయమైనదా లేదా చూడటానికి పనికిరాదు.

నిర్ధారణ జరిగితే చికిత్స మారిపోతుంది. 1960 దశకం నుండి మద్రాసు, కొరియా, హాంకాంగ్‌లలో జరిగిన దీర్ఘకాలిక అధ్యయనాలు వెన్నెముక క్షయ రోగులలో అత్యధికులు ఆపరేషన్ లేకుండా, మంచాన పడుకోబెట్టకుండా, మందులతోనే కోలుకుంటారని నిరూపించాయి. కాళ్లు చచ్చుబడుతున్నపుడు, పూసలు కుంగి గూని పెరుగుతున్నపుడు, పెద్ద చీముగడ్డ ఉన్నపుడు మాత్రమే శస్త్రచికిత్స అవసరమవుతుంది. 2016 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం మందులు కనీసం 12 నెలలు వాడవలసి ఉంటుంది. ఈ రోగిని డిస్కు రోగిగా భావించి ఆపరేషన్ చేసి, క్షయ మందులు ఇవ్వకుండా పంపితే గాయం మానదు, వ్యాధి ఆగదు. అందరికీ పనికివచ్చే జన్యుపరీక్ష ఏదని అడిగితే ప్రస్తుతానికి చెప్పదగినది ఇదొక్కటే.

పరీక్ష, చికిత్స, మందులు జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం కింద ఉచితం. క్షయ 2012 మే నుండి తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధి. ప్రైవేటు వైద్యులకు కూడా ఇది వర్తిస్తుంది, ఊపిరితిత్తుల క్షయకే పరిమితం కాదు. నమోదైన రోగికి పోషకాహారం నిమిత్తం 2018 ఏప్రిల్ నుండి నెలకు 500 రూపాయలు చెల్లించేవారు. 2024 నవంబరు నుండి ఈ మొత్తాన్ని 1,000 రూపాయలకు పెంచారు. వెన్నెముక క్షయ రోగులు కూడా దీనికి అర్హులేనన్న విషయం క్షేత్రస్థాయి సిబ్బందిలోనే కొందరికి తెలియదు. డిస్కు తొలగింపు శస్త్రచికిత్స 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం జాబితాలో ఉన్నది. తెలంగాణలో ఈ పథకపు వార్షిక పరిమితిని 2023 డిసెంబరు 9 నుండి 10 లక్షల రూపాయలకు పెంచారు. కనుక చందుర్తి రోగి ఆపరేషన్ కోసం పొలం కుదువ పెట్టే ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో విచారించుకోవడం మేలు. 2016 అక్టోబరులో రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడిన తరువాత కరీంనగర్ దాకా వెళ్లవలసిన పనులు కొన్ని తగ్గాయి. 2023లో సిరిసిల్లలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. అంతకు ముందు ఏడాది జగిత్యాలలో ప్రారంభమైంది.

శస్త్రచికిత్సలు నిర్వహించే ఆసుపత్రులకు సంబంధించి ఒక చిన్న విషయం తరచూ విస్మరణకు గురవుతున్నది. డిస్కు లేదా పూస నుండి తీసిన కణజాలాన్ని మొత్తంగా ఫార్మలిన్ సీసాలో వేస్తే అది కణజాల పరీక్షకు మాత్రమే పనికివస్తుంది. సీబీనాట్‌కు, క్రిమిని పెంచి చూసే పరీక్షకు పనికిరాదు. అనుమానం ఉన్న ప్రతి సందర్భంలోను కొంత భాగాన్ని శుభ్రమైన సెలైన్ గల వేరే సీసాలో ఉంచి, రోగి పేరు, నమూనా తీసిన చోటు, తేదీ రాసి, అదే రోజు జిల్లా క్షయ నివారణ కేంద్రానికి పంపవలసి ఉంటుంది.